చాక్‌తో మాట్లాడకూడదు

లెయిడ్లీ, జూన్ 14

ప్రియమైన కెర్రీ అక్కకు,

ఈరోజు పని: కోసుకొచ్చిన యూకలిప్టస్ ఆకు రెండు బళ్ళు, కడిగిన తీగవల గది ఒకటి, ఉతికిన తువ్వాళ్ళు పదకొండు, తూచిన కోవాలా పిల్ల ఒకటి. చాక్‌తో ఆడిన మాటలు, సున్నా.

ఆ చివరిది నీకు వింతగా ఉంటుంది. సుద్దముక్కలా తెల్లగా ఉన్నాడని మా ఆయన డారిల్ వాడికి చాక్ అని పేరు పెట్టాడు. నిరుడు కారు గుద్ది తల్లి చచ్చిపోయాక వాడు ఆకు అరిగించుకోలేక చిక్కిపోతుంటే, నువ్వు పనిచేసే జంతువుల పార్కులోని కోవాలా తాజా పేడ డబ్బాలో పెట్టి పంపింది నువ్వే. తల్లి పెట్టాల్సిన ఆ ముద్ద కడుపులోకి పోకపోతే ఏ కోవాలా పిల్లకూ ఆకు అరగదు. నీ డబ్బా రాకపోతే చాక్ లేడు. నీకు బాకీ పడ్డాను, కాదనను. ఆ బాకీ కింద పిల్లనే ఇమ్మంటున్నావు చూడు, అదే కుదరదు.

"తెల్లవాణ్ణి అడవిలో వదిలితే గద్దకి దీపం పెట్టి చూపించినట్టేనే, పిచ్చిదానా! మా దగ్గర నీడ ఉంది, వేళకి ఆకు ఉంది. నీకేం పోయింది?" అన్నావు ఫోనులో. నాకేమీ పోదక్కా. వాడికే చెట్టు పోతుంది.

పశువుల డాక్టర్ పెట్రా ఒకటే మాట చెప్పింది: "నెలాఖరుకి వస్తా జనెల్. మనుషుల్ని చూసి పైకెక్కితే అడవికి, కిందికి దిగొస్తే పార్కుకి."

చిక్కంతా అక్కడే ఉంది. "ఒరేయ్ చాకూ" అంటే చాలు, వాడు దిగొస్తాడు. అందుకే నోరు కట్టేసుకున్నాను. వాడి గదిలో ఆకుకొమ్మలు గుచ్చి, వెనక్కి చూడకుండా వచ్చేస్తున్నాను.

"ఈ వైద్యం నాక్కూడా చేస్తావా ఏంటి?" అన్నాడు డారిల్.

"ముందు ఆకు తినడం నేర్చుకో" అన్నాను.

నిన్న చాక్ నా చొక్కా చెయ్యి పట్టుకున్నాడు. ఒక్కో గోరూ విడదీసి బయటికొచ్చాను. మడతపెట్టిన తువ్వాళ్ళన్నీ విప్పి మళ్ళీ మడతపెట్టాను. డారిల్‌కి కూడా చెప్పని మాట నీకు రాస్తున్నాను: వాణ్ణి ఉంచేసుకోవాలని నీకన్నా నాకే ఎక్కువగా ఉంది. అందుకే నీకు కూడా ఇవ్వను.

నీ చెల్లెలు,
జనెల్

లెయిడ్లీ, ఫిబ్రవరి 3

ప్రియమైన అక్కకు,

పెట్రా వచ్చిన రోజు సంగతి నీకు చెప్పనేలేదు. చాక్ నన్ను చూసి ఒక అడుగు కిందికి వేశాడు. నేను చెట్టు మానులా నిలబడ్డాను. వాడు కాసేపు చూసి, తిరిగి కొసకొమ్మ దాకా ఎక్కేశాడు. వాడి తల్లి దొరికిన చోటనే వదిలాం. ఆ రోజునుంచి నువ్వు నాతో మాట్లాడటం మానేశావు. నా విద్య నామీదే ప్రయోగించావు.

నిన్న పొద్దున నీ ఫోను రాగానే గొంతు పోల్చుకున్నాను. "అనాథ పిల్ల ఒకటొచ్చిందే. మావాటన్నిటికీ మందులు నడుస్తున్నాయి, వాటి పేడ పనికిరాదు. మందు తగలని కోవాలా ఏదన్నా ఉందా నీకు తెలిసి?" అన్నావు. ఉందన్నాను. ఏదో చెప్పలేదు.

ఇవాళ తెల్లవారగానే డారిల్, నేను చాక్‌ని వదిలిన చోటికి వెళ్ళి, వాడున్న చెట్టు వెతికి, దానికింద శుభ్రమైన దుప్పటి పరిచి కూర్చున్నాం. పైన కొమ్మల సందులో వాడు. తెలుపు కాస్త మాసింది. ఒక చెవి చిరిగింది, ఎవడితోనో తలపడి ఉంటాడు. ఒళ్ళు మాత్రం నిండుగా ఉంది.

"ఒక్కసారి పిలవరాదూ?" అన్నాడు డారిల్.

పిలవలేదు. వాడు మమ్మల్ని చూసి ఇంకో కొమ్మ పైకి జరిగాడు. జరుగుతూ మనకి కావలసింది దుప్పటిమీద రాల్చాడు. డారిల్ టోపీ మీద కూడా.

పెట్రా పరీక్ష చేసి బాగుందంది. ఐసు పెట్టి డారిల్ చేత ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను. డబ్బా గుర్తుపట్టావా? నువ్వు పంపిందే. అందులో ఉన్నది, గద్ద ఎత్తుకుపోతుందన్నావే, వాడిది.

పిల్ల ఆకు తిన్నాక ఫోను చెయ్యి. బాకీ చెల్లు.

జనెల్