పక్కింటికి సగం వెదురు

ఎడిసన్, డిసెంబరు 14

జయంతి వదినా,

ఫోన్‌లో చెబితే మధ్యలోనే నవ్వేస్తారని ఉత్తరం రాస్తున్నాను. గృహప్రవేశానికి మీరిచ్చిన వెదురు మొక్క మూడేళ్లలో కంచె కంటే ఎత్తు పెరిగింది. ఎంత చలినైనా తట్టుకుని పచ్చగా ఉంటోంది. వచ్చిన చిక్కల్లా పక్కింటి నమ్రతతోనే. వాళ్ల పాత ఇంట్లో పొరుగువాళ్ల వెదురు వేళ్లు పాకి వచ్చి, పెరట్లో పరిచిన రాళ్లను లేపేశాయట. అందుకని మా మొక్క మీద కాలనీ అసోసియేషన్‌కి కంప్లైంట్ చేసింది. తీసేయమని మాకు నోటీసు వచ్చింది.

వెళ్లి, "ఇది పాకే రకం కాదండీ, ఒకేచోట గుబురుగా పెరుగుతుంది" అన్నాను.

"అప్పుడు వాళ్లు గూడ గట్లనే చెప్పిన్రు" అంది నమ్రత.

"అయితే రండి, తవ్వి చూద్దాం."

శనివారం ఇద్దరం కంచె పొడవునా తవ్వాం. మీ దగ్గర దాపరికమెందుకు, రకం పేరున్న చీటీ నేనెప్పుడో పారేశాను. ఇది పాకదని మీరు చెప్పిన మాట తప్ప నాకు వేరే ఆధారం లేదు. పార దిగిన ప్రతిసారీ వంగి మట్టిలోకి చూశాను. కంచె వైపు ఒక్క వేరూ రాలేదు. నమ్రత మట్టిచేతులతోనే ఫోన్ తీసి, కంప్లైంట్ విత్‌డ్రా చేస్తున్నానని మెయిల్ పెట్టింది. ఆ తర్వాత కాసేపు నసిగి, "నాక్కూడ ఒక పిలక ఇస్తరా?" అంది.

సగం గుబురు వేళ్లతో సహా విడదీసి ఇచ్చాను. మీ కానుకను పంచానని ఏమీ అనుకోకండి. మొన్నటి మంచుకు రెండిళ్ల వెదుళ్లూ నేలకు వంగిపోయాయి. నేను బూట్లు వేసుకుని బయటికొచ్చేసరికి, నమ్రత చీపురుతో మా వెదురు మీది మంచు దులుపుతోంది. తనది ఇంకా వంగే ఉంది.

మీ మరదలు