ఐదో అంతస్తు నుంచి కేబుల్

1994 ఫిబ్రవరి 12, వుచ్, పోలండ్

పై అంతస్తులో ఉండే నా ఫ్రెండ్ వీటెక్‌ని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చారు. రక్తంలో జబ్బు. జలుబు అంటుకున్నా ప్రాణం మీదికొస్తుందట, అందుకని ఎవరినీ గుమ్మం దాటనివ్వడం లేదు. వాళ్ల అమ్మ, యోలాంటా ఆంటీ, తలుపు సందులోంచే చూసి, దగ్గుతున్నావే తల్లీ, వెళ్లిపో అంది. నేను దగ్గలేదు.

ఫిబ్రవరి 13

ఇద్దరివీ పాత అమిగా కంప్యూటర్లే. వాడిది ఐదో అంతస్తు, మాది దాని కిందే, నాలుగోది. రెంటినీ కలపడానికి నాన్న ఫోన్ వైరుకి రెండు వైపులా ప్లగ్గులు సోల్డర్ చేసి కిటికీలోంచి పైకి అందించాడు. ఏళ్ల తరబడి అడిగినా ఈ బిల్డింగ్‌కి ఫోన్ ఇవ్వరు గానీ వైరు మాత్రం ఎక్కడైనా దొరుకుతుంది అని గొణిగాడు.

గదులు వేడెక్కించే రేడియేటర్ గొట్టం మా ఇంట్లోంచి వాళ్లింట్లోకి పోతుంది, దాని మీద మూడు దెబ్బలు కొడితే రెడీ అని. కంప్యూటర్లో ఫుట్‌బాల్ ఆడాం. చిత్తుచిత్తుగా ఓడాను. ఇంత సంతోషంగా ఎప్పుడూ ఓడలేదు.

ఫిబ్రవరి 16, సాయంత్రం

చచ్చాను. నాలుగు సున్నాతో ఓడుతుంటే గాలికి కేబుల్ ఊడింది. కంగారులో మెషీన్ ఆఫ్ చేయకుండానే మళ్లీ గుచ్చాను. అలా చేస్తే కేబుల్ గుచ్చే పోర్ట్ వెనకున్న చిప్ మాడిపోతుందని నాన్న వందసార్లు చెప్పాడు. మాడిపోయింది.

పైనుంచి మూడు దెబ్బలు. కాసేపాగి మళ్లీ మూడు. చిప్ కాలిందని చెప్పే దెబ్బలు మా దగ్గర లేవు.

ఫిబ్రవరి 17

మెట్ల మీద ఆంటీకి అంతా చెప్పాను. పైకెళ్లి వాడి జవాబు తెచ్చింది. ఓడిపోతుంటే తీగ పీకేసి చిప్ మీదకి తోస్తుందా, దొంగమొహంది, ఆటకి రమ్మను, ఇంకో నాలుగు గోల్స్ పెడతా అన్నాడట. ఆంటీ నవ్వుతూనే చెప్పింది. నాకు ఏడుపొచ్చింది. నేను పీకలేదు.

చిప్పులు ఆదివారం సంతలోనే దొరుకుతాయి. ఇవాళ గురువారం.

ఫిబ్రవరి 18

మూడు దెబ్బలు. చాలా నెమ్మదిగా.

ఫిబ్రవరి 20

సంతలో చిప్పులమ్మే ఆయన నా మొహం చూడగానే, ఆన్‌లో ఉండగా గుచ్చావు కదూ అన్నాడు. ఇక్కడికొచ్చే వాళ్లంతా ఆ ఘనకార్యం చేసినవాళ్లేనట.

కొత్త చిప్ పెట్టాను. పనిచేసింది! గొట్టం మీద మూడు కొట్టాను. జవాబు లేదు. చెంచా తెచ్చి ఆపకుండా కొట్టాను. అమ్మ వచ్చి చెంచా లాక్కుంది. నేను సంతలో ఉండగా అంబులెన్స్ వచ్చి వాణ్ణి తీసుకెళ్లిందట. నువ్వు ఆసుపత్రికి పరిగెత్తుకుపోతావని వెంటనే చెప్పలేదు అంది.

ఆసుపత్రిలోకి పిల్లల్ని రానివ్వరు.

ఫిబ్రవరి 24

వీటెక్ చనిపోయాడు. నేను తీగ పీకాననుకునే పోయాడు.

మార్చి 11

గొట్టం మీద మూడు దెబ్బలు.

మెషీన్ ఆన్ చేశాను. పైనుంచి కనెక్షన్ వచ్చింది. వాడి జట్టు మైదానంలో ఉంది. ఒక ఆటగాడు ఎటో నడిచి గీత దగ్గర ఆగిపోయాడు. ఆంటీకి ఆట రాదు.

బంతిని నా గోల్‌లోకే కొట్టుకున్నాను. మళ్లీ. మళ్లీ. ఏడు సున్నా.

తీగ ముట్టకుండా, విజిల్ పడేదాకా కూర్చున్నాను.