రెండోచోట పెట్టింది

తేదీ 18, బుధవారం

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. ఇక్కడ అంతా బాగున్నామనే రాయాలి కాబట్టి బాగున్నాం. అక్కడ నువ్వు, మరదలు, పిల్లలు కులాసాగా ఉన్నారనుకుంటాను.

ఒరేయ్, నీకు లెక్కల పంతులు ఉద్యోగం ఇచ్చినవాళ్ళని అనాలి. మా కుట్టుపని సంఘంలో పద్దుల పరీక్ష ఉంది, ఒక్క లెక్క చెప్పరా అంటే, పదికి మూడు మార్కులు వేసి నా కాగితం నాకే తిప్పి పంపిస్తావా? సొంతంగా చేస్తేనే వస్తుందని పైన నీతి ఒకటి. నీ ముక్కు తుడిచి బడికి పంపింది నేనేరా!

ఆ లెక్క నా ప్రాణం తోడేస్తోంది. ఒకాయన పది లక్షలు రెండుచోట్ల పెట్టాడు. బ్యాంకులో ఏడాదికి నూటికి ఏడు వడ్డీ, ఇంకో కంపెనీలో పన్నెండు. ఏడాది తిరిగేసరికి మొత్తం లక్ష వడ్డీ వచ్చింది. ఎక్కడెంత పెట్టాడు? పెట్టినవాడికి తెలియదా, మనల్నెందుకు అడగడం అని నువ్వు వేళాకోళంగా రాశావు. నాకు ఒళ్ళు మండింది.

చొక్కాకి రెండు చేతులూ ఒకే కొలత కదా అని రెండుచోట్లా x అనే రాసుకున్నాను. తీరా చేస్తే రెండూ కలిపి పదిన్నర లక్షలు దాటాయి. లేని డబ్బు పుట్టించానన్నమాట! రెండోది 10 − x అని నువ్వు రాసింది చదివి, ఎవడు తీసేశాడు, ఎందుకు తీసేశాడు అని కాగితం నలిపి పారేశాను. మళ్ళీ నేనే ఏరుకొచ్చి ఇస్త్రీ చేశాను.

ఇవాళ పొద్దున పది మీటర్ల తాను బల్లమీద పరిచి కత్తెర పెట్టాక వెలిగింది. ముందు కోసింది x అయితే, రెండోది పదిలోంచి అది పోగా మిగిలిందే. ఇంతేనా! ఈ మాత్రం గుడ్డ పేరు పెట్టి చెబితే నీ సొమ్మేం పోయేది?

x లక్షల్లో, వడ్డీ వేలల్లో: 7x + 12(10 − x) = 100. అంటే 120 − 5x = 100. x నాలుగు. బ్యాంకులో నాలుగు లక్షలు, కంపెనీలో ఆరు. మూడుసార్లు సరిచూశాను. ఇరవై ఎనిమిది వేలు, డెబ్బై రెండు వేలు, కలిపితే లక్షే. లెక్క వచ్చిందని సంతోషపడాల్సింది పోయి, ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని నాలుగోసారి మొదలుపెట్టాను.

ఇట్లు,
నీ అక్క

తా.క.: పరీక్షా లేదు, పాడూ లేదు. ఆ ఒకాయన మీ బావ. ఆ పది లక్షలు ఆయన రిటైరైనప్పుడు వచ్చినవి. లక్ష వడ్డీ పోయిన ఏడాది ఆయనే తెచ్చి నా చేతిలో పెట్టారు. కిందటి నెల ఆ కంపెనీ తలుపులు మూసేసింది. అందులో ఏదో కొంచెమే పెట్టానంటారు. బ్యాంకు పుస్తకం చూపించమంటే బీరువా తాళం కనబడలేదంటారు. మొన్న నా చెయ్యి పట్టుకుని, మనకేం పోలేదు, నిశ్చింతగా ఉండమన్నారు. నేను తలూపాను. ఇంకాసేపట్లో ఆయన ఎదురుగా కూచుని భోంచేయాలి. ఎలాగైనా నా లెక్క తప్పని రాయరా, తమ్ముడూ.