నూనె రాయని కాళ్ళు

జనవరి 6
ఇవాళ చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. మా ఆయనకి చెప్పలేదు. కింద పోర్షన్‌లో ఉండే టైలరక్క తోడొచ్చింది. పుట్టినప్పటినుంచీ నా మోకాళ్ళ కింద చర్మం చేప పొలుసులా ఉంటుంది. పెళ్ళయి ఐదు నెలలు. ఆయన ఇంతవరకు చూడలేదు. లైటు తీసేదాకా నేను మంచం ఎక్కను.

డాక్టరమ్మ మురికి కాదంది. స్ఫింగోలిపిడ్లని ఒక రకం కొవ్వులట. మెదడులో, నరాల్లో, కాలేయంలో, ఒంట్లో అన్నిచోట్లా తయారవుతాయట. మొదలు సరుకు ఒకటే. ఒక్కో చోట దానికి ఒక్కో పొడవు తోక తగులుతుందట. అన్నిటికంటే పొడుగు తోకలు చర్మానివి. అవి పై పొరల మధ్య సిమెంటులా పరుచుకుని ఒంట్లో నీరు ఆరిపోకుండా కాపాడతాయట. నావి పొట్టివేమో చూడాలంది. బట్ట తాను ఒకటే, కత్తిరింపు వేరు, అంతేగా అని టైలరక్క మధ్యలో అందుకుంది. డాక్టరమ్మ నవ్వింది.

శుక్రవారం చర్మానికి టేపు అంటించి శాంపిల్ తీస్తారు. అది చూశాకే మందు ఇస్తారు. అప్పటిదాకా కాళ్ళకి సబ్బు, నూనె తగలకూడదు.

జనవరి 9
బయల్దేరే ముందు రాయితో రుద్ది రుద్ది కడిగాను. నూనె కూడా రాశాను. అలాంటి కాళ్ళు ఒకరి ముందు ఎలా చాపను? చిన్నప్పుడు అమ్మ ఇలాగే రక్తం వచ్చేదాకా రుద్దేది. చుట్టాలొస్తే మరీనూ.

టేపు అంటుకోనే లేదు. నూనె రాశారా అని ల్యాబ్ అమ్మాయి అడిగింది. లేదన్నాను. ఆమె తన వేళ్ళు చూసుకుంది. మెరుస్తున్నాయి. పదమూడున మళ్ళీ రమ్మంది.

జనవరి 12, సాయంత్రం
వర్క్‌షాపులో కరెంటు పోయిందని ఆయన మధ్యాహ్నమే వచ్చేశారు. నేను మంచం మీద కాళ్ళు చాపుకుని గీరుకుంటున్నాను. నూనె లేక పగిలి, ఎర్రగా ఉన్నాయి. ఆయన గుమ్మంలోనే ఆగిపోయారు. కాలిందా అని అడిగారు.

అవునన్నాను. కెటిల్ ఒలికిందన్నాను. నోరు దానంతటదే అనేసింది.

చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తి కాలిన గాయాల మందు తెచ్చారు. మోకాలినుంచి మడమదాకా తనే రాశారు. ఇంట్లో ఎప్పుడూ అక్కడ అమ్మ చెయ్యి, ఆ రాయి తప్ప ఇంకేదీ తగిలిన గుర్తు లేదు. రాస్తున్నంతసేపూ తనని తనే తిట్టుకున్నారు. పిడి వదులుగా ఉందని నేను ఎప్పుడో చెప్పానట, తనే పట్టించుకోలేదట. ఇప్పుడు వంటింట్లో కెటిల్‌కి స్క్రూలు బిగిస్తున్నారు. ఆ చప్పుడు వింటూ ఇది రాస్తున్నాను. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

జనవరి 13
ల్యాబ్ అమ్మాయి వాసనతోనే పట్టేసింది. మొన్న నూనె ఇచ్చారు, ఇవాళ ఆయింట్‌మెంట్ ఇచ్చారు, మీ సొంత కొవ్వు ఎప్పుడిస్తారండీ అని నవ్వింది. తర్వాత నవ్వకుండా, పందొమ్మిదే ఆఖరని చెప్పింది. ఆ రోజు కూడా కుదరకపోతే నా వంతు వేరొకరికి ఇస్తారట. పోల్చి చూడటానికి మంచి చర్మం ఉన్నవాళ్ళు ఒకరు కావాలట. ఒకే ఇల్లు, ఒకే నీళ్ళు అయితే మేలట.

మా ఇంట్లో ఇంకెవరున్నారు.

జనవరి 15
రెండు పూటలా ఆయనే మందు రాస్తున్నారు. బొబ్బలు లేవలేదు, అదృష్టం అంటున్నారు.

జనవరి 16
చెప్పేశాను. ఆయన మందు మూత తీస్తుంటే, కాలలేదు, పుట్టుకతోనే ఇంతే అన్నాను. పెళ్ళికి ముందు కావాలనే దాచామని కూడా చెప్పాను.

మూత పెట్టేశారు. మరి కెటిల్ అని అడిగారు. అంతే. ఏమీ తినకుండా పనికి వెళ్ళిపోయారు.

జనవరి 17
ఇవాళ కూడా ఏమీ తినకుండానే పనికి వెళ్ళారు.

జనవరి 18
నేనెలాంటివాడిననుకున్నావు అని అడిగారు. ఇన్నాళ్ళూ నా కాళ్ళ గురించే ఆలోచించాను. ఆయన ఎలాంటివారో ఒక్కసారీ ఆలోచించలేదు. కాళ్ళకంటే ఇదే ఎక్కువ సిగ్గుగా ఉంది. పోల్చి చూడటానికి రేపు ల్యాబ్‌కి రమ్మని అడిగాను. లీవు దొరకదేమో అన్నారు.

జనవరి 19
వచ్చారు. ఒకే చోట టేపు అంటించి, పీకి, మళ్ళీ అంటించి, పొర వెనక పొర తీశారు. నా టేపుల నిండా తెల్లటి పొట్టు. ఆయనవి అద్దంలా ఉన్నాయి. తన చర్మం బాగుండటమే తప్పయినట్టు ఆయన దొంగలా కాలు వెనక్కి లాక్కున్నారు.

ఫిబ్రవరి 2
తోకలు పొట్టివే. రుద్దేకొద్దీ ఉన్న కాస్తా పోతుందట. మందు ఇచ్చారు. తగ్గుతుంది, పూర్తిగా పోదు. అమ్మకి ఫోన్ చేశాను. రుద్దడం గురించి మాత్రం చెప్పలేకపోయాను.

ఫిబ్రవరి 8, మధ్యాహ్నం
మేడ మీద ఎండలో కూర్చున్నాం. ఆయన నా కాళ్ళకి మందు రాస్తున్నారు. ఎవరో మెట్లెక్కి వస్తున్నారు. గబుక్కున ఒక కాలు కప్పుకున్నాను. రెండోది ఆయన చేతిలో ఉంది.