వెనక సీటు కింద తుప్పు

బావా, ఎట్లా ఉండావు? నువ్వు పోయి ఏడాది కావస్తోంది. మళ్ళీ తిరుత్తణి కొండ పండగ, ఆడికృత్తిక వచ్చేసింది.

ఇక్కడ అందరం బాగున్నాం... అని రాసి ఊరుకుందామనుకున్నాను. కానీ నాకు భయంగా ఉంది. నీకు కాక ఎవరికి చెప్పుకోను?

నీ కారు సంగతే. పోయిన వానాకాలమంతా వాకిట్లో తడిసి తలుపుల అడుగులు, వెనక సీటు కింద రేకు తుప్పు పట్టిపోయాయి. నీ తమ్ముడు శీను తిరువళ్ళూరులో టింకరింగ్ షాపుకిచ్చాడు. పండగకు ముందే కావాలని తొందరపెట్టాడు. తిరిగొచ్చిన బండి పెళ్ళికొడుకులా మెరుస్తోంది. వీధంతా వచ్చి చూసి మెచ్చుకున్నారు.

నాకెందుకో మనసు ఒప్పలేదు. నువ్వనేవాడివి కదా, "రంగు చూసి మురిసిపోవద్దు అమ్మీ, రేకు యాడుందో చూడు" అని. తుప్పును తెల్లటి ఇనుము కనపడేదాకా గీకాలి, పోయిన ముక్క కోసేసి కొత్త రేకు వెల్డింగ్ పెట్టాలి, ఆ తర్వాతే తుప్పు రాకుండా రెడ్ ఆక్సైడ్ పూత, పైన రంగు... అదీ నీ పద్ధతి.

కుట్టుపెట్టెలో సూదులు ఏరుకునే అయస్కాంతం ఉంది కదా. దానికి మెత్తటి గుడ్డ చుట్టి తలుపులన్నీ వరసగా చూసుకుంటూ వచ్చాను. పైన అంటుకుంది. అడుగున జారిపోయింది. అక్కడ రేకే లేదు, అంతా పుట్టీ పూతే, బావా. వెనక సీటు ఎత్తి గరిటె కాడతో నొక్కాను. పైన పూసిన తారు పగిలి కాడ లోపలికి దిగిపోయింది. సందులోంచి నేల కనపడింది. సీటును మోయాల్సిన రేకు పొడిపొడిగా చేతికొచ్చింది.

శీనుకు చూపించాను. నవ్వాడు. వదినకు అన్నిటికీ భయమేనట. సీటు కింద ఒక పలక వేస్తాడట, పండగ కానిచ్చి చూద్దామన్నాడు. పోనీ రైల్లో పోదామంటే మన సుగుణ వినలేదు. కృత్తిక గుంపులో చంటిబిడ్డతో ఎట్లా ఎక్కేదమ్మా అంటుంది. తిరుత్తణిలో మన మనవడికి తొలి గుండు కదా... వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని ఆ సీటులోనే కూర్చుంటుంది. కొండ మలుపుల్లో ఆ సీటు కిందికి దిగిపోతే...

రేపు పొద్దున్నే బండికి పూజ చేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి బయలుదేరతారు. నన్ను లోపలే ఉండమన్నారు. భర్త పోయినదాన్ని, ప్రయాణానికి ఎదురు రాకూడదు కదా. ఈ ఏడాదిగా శీను బండి తీసిన ప్రతిసారీ నేనే తలుపు వేసుకుని కూర్చుంటున్నాను.

నువ్వుంటే ఏం చేసేవాడివి? తాళంచెవి లాక్కునేవాడివా? నా చేతికి ఎవరిస్తారు?

ఒక్క దారే తోస్తోంది. ఇంజను శబ్దం వినగానే తలుపు తీసుకుని పోయి బండికి ఎదురుగా నిలబడతాను. అందరూ చూసేలా. మీ అమ్మ తల బాదుకుంటుంది. సుగుణ ఏడుస్తుందేమో, ఇంత పాపిష్టిదానివా అమ్మా అని. తర్వాత రైలెక్కుతారో, మొక్కే మానుకుంటారో... ఆ బండిని మాత్రం ఎవరూ కదపరు.

తలుపు గడియ ఇప్పుడే తీసి పెట్టాను. ఎవరేమన్నా నిలబడతాను, బావా.

నీ
రాజమ్మ