చేత్తో తూచి కొన్న ప్రింటరు

మదనపల్లె, 14-8-2003

స్వర్ణమ్మా, ఇక్కడ అందరం బాగున్నాం; నీవు మా కూలీల సంఘానికి పంపిన డబ్బు వృథా కాలేదు, బెంగపడకు.

అర్జీలు అచ్చువేయడానికి ఆఫీసుకు లేజర్ ప్రింటరు కొందామని నిన్న మా కార్యదర్శి మునీశ్వరితో షాపుకు వెళ్లాను. షాపాయన అన్నిటికన్నా చవకది చూపించాడు. నేను డబ్బు తీయబోయాను కూడా. మునీశ్వరి టమాటా మండీ మనిషి, పెట్టె ఎత్తి చూడందే కొనదు. ప్రింటరుతో వచ్చే కాట్రిడ్జ్, అంటే సిరా పొడి డబ్బా, ఒక చేత్తో, విడిగా అమ్మేది ఇంకో చేత్తో ఎత్తి చూసింది.

"ఇది యాల ఇంత తేలిగ్గా ఉండాదప్పా?"

"మొదటిది సగమే నింపి ఇస్తారమ్మా."

"పైన పండ్లు సూపించి కింద ఆకులు పెట్టినట్లా?"

నాకు ఒళ్లు మండిపోయింది. మిషను చవకగా అంటగట్టి, పొడి పేరుతో ఏళ్ల తరబడి పిండుకోవడమా! అది కొంటే అర్జీకి అయిదు రూపాయలు మేమూ వసూలు చేయాల్సిందే. ఇక మండలాఫీసు ముందు టైపు కొట్టేవాళ్లకూ మాకూ తేడా ఏముంది? రెండు వేలు ఎక్కువైనా, ఈ ఊళ్లోనే పొడి నింపించుకోగల ప్రింటరు తీసుకున్నాం. పొడి ఖర్చు పేజీకి పావలా.

మీ బోరు మోటారు బాగైందా? మీ అబ్బాయి దినేష్ కుప్పం కాలేజీలో చేరాడా, లేదా? మీ ఇంట్లో మరిచిన నా కళ్లద్దాలు ఎవరిచేతైనా పంపు.

బావకు నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు. పింఛను ఆగిపోయిన మీ వీధి పూలమ్మను సోమవారం పుంగనూరు మీదుగా ఇక్కడికొచ్చే బస్సెక్కించు. అర్జీకి పైసా తీసుకోము, కాగితం కూడా మాదే.

మీ అన్న,
ఉమాశంకర్