పుచ్చు లేని వంకాయలు

పామర్రు
14 అక్టోబరు 1973

ప్రియమైన మీకు,

మార్త వందనాలు. క్షేమంగా పుట్టింటికి చేరాను. బస్సులో ఒక పెద్దావిడ నా వాలకం చూసి కిటికీ పక్కన చోటిచ్చి, పుట్టేది మగపిల్లాడేనని దారి పొడవునా తీర్మానం చేసింది. మా ఆయనకు ఆడపిల్ల కావాలటండీ అంటే, అలాంటి మొగుళ్ళు కూడా ఉంటారా అని ముక్కున వేలేసుకుంది. ఏడో నెలకే పంపేశానని మీరు దిగులు పడకండి. తిండీ నిద్రా అమ్మ సణుగుడూ మూడూ వేళకు అందుతున్నాయి.

మీ పిట్టల పిచ్చి తెలిసినదాన్ని గనక ముందు ఆ కబుర్లు. మా పెరటి మునగచెట్టు మీద గోరువంకల జంట కాపురం పెట్టింది. ఆడదే ఎక్కువ అరుస్తుంది, మీరు నవ్వనక్కర్లేదు. చూరు కింద పిచ్చుకలు అమ్మ చేట పట్టుకోగానే దిగిపోతాయి. కాలువ మీద తీగ పైన ఒక లకుముకిపిట్ట పొద్దున్నే వచ్చి కూర్చుంటుంది. చేలల్లో కొంగలకు లెక్కే లేదు. చీకటి పడితే కప్పల గోలలో నాన్న చేసే ప్రార్థన దేవుడికైనా వినబడుతుందో లేదో.

ఇక అసలు సంగతి. నాన్న ఈ ఏడు కాలువగట్టు చెక్కలో వంగతోట వేశాడు. పోయినేడు కాయ నిండా పురుగే. సంతలో జనం విరిచి చూసి, గోనెపట్టా మీద పడేసి పోయారట. అది ఆయనకు తల తీసేసినట్టయింది. ఈసారి మందు కొట్టే స్ప్రేయరు కొని పంతం పట్టాడు. నిన్న శనివారం నేనూ సంతకు వెళ్ళాను. “విరిచి చూసుకోండమ్మా! పుచ్చు కనబడితే తట్టెడు ఊరికే పట్టుకెళ్ళండి!” అని నాన్న అరుస్తుంటే జనం మూగిపోయారు. పొద్దెక్కేసరికి పట్టా ఖాళీ. నాన్న మొహం అలా వెలగడం నా పెళ్ళి తర్వాత మళ్ళీ నిన్ననే చూశాను.

ఇంట్లోకి మాత్రం పాక పక్కన విడిగా కొన్ని మొక్కలున్నాయి. వాటికి మందు కొట్టడు. మనం పుచ్చు కోసి పారేసుకుని తింటాం గదా, మందు దండగ అంటాడు. మీకు బుట్ట కడుతుంటే ఆ కాయలే పంపమన్నాను, లేతగా ఉన్నాయని. అమ్మ నా మీద లేచింది. “అల్లుడికి పుచ్చు వంకాయలు పంపుతామటే? ఆయన ఇంటివాళ్ళు చూస్తే మా మొహాన ఊస్తారు!” చివరికి నాన్న సంత సరుకులోంచే నవనవలాడేవి ఏరి ఏరి సర్దాడు. ఇకమీదట ప్రతి శనివారం మధ్యాహ్నం బస్సులో కండక్టరు రత్తయ్య బుట్ట తెస్తాడు. బస్టాండుకు వెళ్ళి తీసుకోండి. ఖాళీ బుట్ట మళ్ళీ అతనికే ఇవ్వండి.

మీ రాక కోసం చూసే,
మార్త


భవానీపురం, విజయవాడ
21 అక్టోబరు 1973

ప్రియమైన మార్తకు,

నీ ఉత్తరం చదివి గోరువంకల కాపురానికి దీవెనలు పంపుతున్నాను. ఆడదే ఎక్కువ అరుస్తుందన్నావు. నేను నవ్వలేదు, మన ఇల్లుగలావిడ సీతారావమ్మగారు నవ్వారు. ఆవిడకు చదివి వినిపించానులే.

ఇక్కడ కృష్ణ నిండుగా ఉంది. నీటికాకులు రాళ్ళ మీద రెక్కలు ఆరేసుకుని కూర్చుంటున్నాయి. ప్రెస్సు నుంచి వచ్చేటప్పుడు కాసేపు రేవు మెట్ల మీద కూర్చుంటున్నాను. పక్కన నువ్వు లేవు గనక పిట్టల పేర్లు నాకు నేనే చెప్పుకుంటున్నాను. జనం చూసి తప్పుకు పోతున్నారు.

వంకాయలు రెండు వారాలూ అందాయి. మామయ్యకు నా నమస్కారాలు చెప్పు. సీతారావమ్మగారు వాటిని చూసి, “మా ఆయన బతికున్నప్పుడు మా పొలంలో కూడా ఇంత కాయ చూళ్ళేదు సొలొమోనూ” అంది. వండి పెట్టే పూచీ తనదేనని బుట్ట లాగేసుకుంది. తొడిమతో సహా గుత్తికాయ చేసి, నాకో గిన్నె, తనకో గిన్నె. ఒంటరి మనిషికి వండిపెట్టడానికి ఒకడు దొరికాడని ఆవిడ సంబరం. తినేవాడికి ఇంకా సంబరం.

నా ఆరోగ్యం బాగానే ఉంది. తలనొప్పి ఒకటి పట్టుకుంది. నిన్న చేతులు కాస్త వణికి, కూర్చిన అక్షరాలన్నీ నేల పాలు చేశాను. మేనేజరు తిట్ల దండకం ఎత్తుకున్నాడు. రాత్రి పనులు ఎక్కువై కళ్ళు లాగుతున్నాయి, అంతే. నువ్వు లేకపోతే ఇలాగే ఉంటుందని రాస్తే నీకు గర్వం పెరుగుతుంది.

లకుముకిపిట్ట కబుర్లు మళ్ళీ రాయి.

నిన్ను తలచుకునే,
సొలొమోను


పామర్రు
4 నవంబరు 1973, ఆదివారం

ప్రియమైన మీకు,

ఇది చదివిన వెంటనే నిన్న పంపిన బుట్టలో కాయలు పారేయండి. సీతారావమ్మగారిని కూడా ముట్టుకోవద్దనండి. కారణం కింద రాస్తున్నాను, కానీ ముందు ఆ పని చేసి వచ్చి చదవండి.

పిట్టల కబుర్లు అడిగారు. పోయిన వారం మగ గోరువంక మునగచెట్టు కింద వెల్లకిలా పడి, కాళ్ళు కొట్టుకుని కొట్టుకుని ఆగిపోయింది. ఆడది ఒక రోజంతా అరిచి, తర్వాత కనబడలేదు. చూరు కింద పిచ్చుకల చప్పుడు లేదు. నిచ్చెన వేయించి చూస్తే గూట్లో పిల్లలు ఎండిపోయి ఉన్నాయి. తోట వార కాలువలో చేపపిల్లలు తెల్లగా తేలాయి. లకుముకిపిట్ట వాటినే తిన్నదేమో, తీగ ఖాళీగా ఉంది. రాత్రిళ్ళు నాన్న ప్రార్థన ఇప్పుడు చక్కగా వినబడుతోంది. ఒక్క కప్ప అరవడం లేదు.

పిల్లి తూలుతూ తిరిగి గాదె కింద చచ్చింది. అమ్మ దిష్టి అంటుంది. మన కాయలకు వచ్చిన పేరు చూసి ఎవరో ఓర్వలేక చేయించారట.

శుక్రవారం సాయంత్రం నేను తోటకు వెళ్ళాను. నాన్న మందు డబ్బా మూతతో కొలవకుండా డబ్బానే వంపుతున్నాడు. పురుగు మొండికేసిందట. చెట్లకు కొట్టడమే కాదండీ, కోసిన కాయల్ని కూడా తొట్టిలో ఆ మందునీళ్ళలో ముంచి తీస్తున్నాడు. సంతలో నిగనిగలాడతాయట, దారిలో పురుగు పట్టదట. చేతికి గుడ్డ కూడా లేదు. మీకు పంపే కాయల్ని రెండోసారి ముంచాడు. అల్లుడివి మరీ మెరవాలని.

నిన్న సంతలో తెరేసమ్మ అనే ఆవిడ వచ్చి, “నీ కాయలు తిని మా ఇంటిల్లిపాదీ వాంతులు చేసుకున్నాం జక్కయ్యా” అంది. నాన్న నలుగురిలో ఆవిడ మీద విరుచుకుపడ్డాడు. “పురుగు చచ్చే మందుకి మనిషి చస్తే ఈపాటికి సంతలో ఎవడూ మిగలడు!” జనం నవ్వి ఆవిడనే వెళ్ళగొట్టారు. నాకు నవ్వు రాలేదు. మీ చేతుల వణుకు గుర్తొచ్చింది.

బుట్ట పంపొద్దని బతిమాలాను. వినలేదు. సంత పట్టా మీద ఎంత అమ్ముడైనా, బస్సులో మీకు బుట్ట ఎక్కించేటప్పుడు నలుగురూ చూడటమే ఆయనకు పండగ. మీరు తినడం లేదని ఆయనకు తెలియనివ్వకండి. ఆ దెబ్బకు తట్టుకోలేడు. వచ్చే వారం నుంచి ఏదో ఒక వంక చెప్పి నేనే మాన్పిస్తాను.

మీ ఒంట్లో ఎలా ఉందో నిజం రాయండి. నన్ను నవ్వించే మాటలు వద్దు.

భయంతో,
మార్త


భవానీపురం
10 నవంబరు 1973, శనివారం

ప్రియమైన మార్తకు,

నేను బాగున్నాను. ముందు ఆ మాట రాసి తర్వాత మిగతాది.

బుధవారం ప్రెస్సు పని మీద మంగళగిరి వెళ్ళి, రాత్రి అక్కడే ఉండిపోయాను. గురువారం మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి నీ ఉత్తరం గడప దగ్గర పడి ఉంది. చదువుతుండగానే వంటింట్లో గిన్నె దొర్లిన చప్పుడు. వెళ్ళి చూస్తే సీతారావమ్మగారు నేల మీద పడి కొట్టుకుంటోంది. పళ్ళు బిగుసుకున్నాయి. నోట నురగ. పొయ్యి మీద గుత్తివంకాయ కూర సగం ఉంది. నేను వస్తానని నా వాటా అట్టేపెట్టింది.

రిక్షాలో ఒళ్ళో పెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాను. అక్కడ డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, “ఎండ్రిను పురుగుమందు తాగిందా? ఇంట్లో గొడవేమైనా అయిందా?” అని. కూర సంగతి చెబితే ఆయన, తొడిమ కింద మందు నిలిచిపోతుందయ్యా, కడిగినా పోదు అన్నాడు. పోలీసులొచ్చి రాసుకున్నారు. వీధిలో మాత్రం ముసలావిడ మందు తాగిందనే చెప్పుకుంటున్నారు. ఇవాళ పొద్దున్న లేచి కూర్చుని, తన పరువు పోయిందని ఏడ్చింది. బతికింది, అదే చాలు. రెండు రోజులుగా ఆవిడ దగ్గరే ఉండటంతో నీకు ఇప్పటిదాకా రాయలేకపోయాను.

నా చేతుల వణుకు కళ్ళది కాదని ఇప్పుడు తెలుస్తోంది. ఆ రోజు వెటకారంగా రాసినందుకు నా మీద నాకే కోపంగా ఉంది.

నీ వంకలేవీ పారలేదు కాబోలు, ఇవాళ మధ్యాహ్నం మళ్ళీ బుట్ట వచ్చింది. నిగనిగలాడుతూ, పైన బంతిపువ్వు పెట్టి మరీ. వీధిలో పారేస్తే ఆవులు తింటాయి. కృష్ణలో పారేయడానికి చేతులు రాలేదు. ఇంట్లో పెట్టుకోవడానికి భయమేసింది. సాయంత్రం బస్సుకు తిరిగి రత్తయ్యకే ఇచ్చేశాను. నాకు ఒంట్లో నలతగా ఉంది, వంకాయ పడదు అని చెప్పాను. బుట్ట మార్తమ్మ చేతికే ఇమ్మని మరీ మరీ చెప్పాను. నువ్వు తీసుకుని పెరట్లో లోతుగా గుంట తీయించి పూడ్పించు.

మామయ్యను ఏమీ అనకు. ఆయనకు తెలియదు పాపం. ఇంకొకరి ప్రాణం మీదికి తెచ్చానని తెలిస్తే కుంగిపోతాడు. వచ్చే ఆదివారం సెలవు పెట్టి వచ్చి, పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగా నేనే చెబుతాను. అప్పటిదాకా ఈ సంగతి మనిద్దరిలోనే ఉండనీ.

నీ కోసం, పుట్టబోయేదాని కోసం ప్రార్థించే,
సొలొమోను


పామర్రు
14 నవంబరు 1973

ప్రియమైన మీకు,

ఆదివారం మీరు టెలిగ్రాం అందుకుని పరుగున వచ్చారు, నాన్న శవపెట్టెకు భుజం పట్టారు, సీతారావమ్మగారి దగ్గర మనిషి లేదని సోమవారం పొద్దున్నే వెళ్ళిపోయారు. కడుపుతో ఉన్నదానికి శవం కంటబడకూడదని నన్ను పక్కింటి శౌరమ్మగారి గదిలో కూర్చోబెట్టారు. మీరు గుమ్మం దాకా వచ్చి, చుట్టూ ఆడవాళ్ళను చూసి, “జాగ్రత్త మార్తా” అని మాత్రం అనగలిగారు. గుండె ఆగిందని అందరూ అనుకున్నారు. మీరు నా మొహం కేసి చూసిన చూపు నాకు అర్థమైంది. మీ ఉత్తరం నిన్న, మంగళవారం, వచ్చింది. బస్సు మీద బుట్ట ముందు వచ్చింది.

శనివారం సాయంత్రం ఏం జరిగిందో మీకు ఒక్కరికే రాస్తున్నాను.

ఖాళీ బుట్ట కోసం నాన్న ఎప్పటిలాగే బస్సు ఆగేచోట నిలబడ్డాడు. రత్తయ్య నా చేతికే ఇవ్వాలని చూశాడట. నాన్న బరువు చూసి మూత తీశాడు. అల్లుడుగారికి వంకాయ పడదంటండీ అని రత్తయ్య చెప్పాడు. బస్సు నిండా జనం. ఎవరో కిచకిచ నవ్వారట. నాన్న బుట్ట నెత్తిన పెట్టుకుని ఇంటికొచ్చి, నా ముందు దించాడు.

“నా కాయ తినొద్దని నువ్వే రాశావా?” అన్నాడు.

అబద్ధమాడలేకపోయాను. గోరువంక సంగతి, తెరేసమ్మ సంగతి, మీ చేతుల సంగతి అన్నీ చెప్పాను. ఆయన కోపం తెచ్చుకుంటే బాగుండేది. అమ్మను పిలిచి, “గుత్తికాయ చెయ్యి అమలా” అన్నాడు. అమ్మ దిష్టి సంగతే తప్ప ఇంకేదీ నమ్మడం లేదు గనక, అల్లుడికి లేని అదృష్టం మనకొచ్చిందని చేసింది. నేను పొయ్యి దగ్గరికి వెళ్తే నాన్న నా జబ్బ పట్టుకుని పక్కకు లాగాడు.

కంచం ముందు కూర్చుని తినడం మొదలుపెట్టాడు. చెయ్యి పట్టుకున్నాను. విదిలించాడు. “నా ఇంట్లో నేను తినలేని కాయ వచ్చే సంతలో ఎవడికి అమ్మను?” అన్నాడు. నాకు ఏడుపుతో పాటు పౌరుషం కూడా వచ్చింది. ఎదురుగా చతికిలబడి చెయ్యి చాచాను.

“అంత మంచి కాయైతే నాకూ పెట్టు నాన్నా. ఒక్కటే.”

నాన్న కూర గిన్నె తన వైపు లాక్కుని, పైన చెయ్యి అడ్డం పెట్టాడు.

“నీకొద్దమ్మా.”

అమ్మ గరిటె పట్టుకుని వస్తుంటే, “నువ్వూ తినమాక” అన్నాడు. గిన్నె ఊడ్చేదాకా ఒక్కడే తిన్నాడు. చేతులు కడుక్కోవడానికి లేచి గుమ్మంలోనే పడిపోయాడు. బండి కట్టి ఆసుపత్రికి తీసుకెళ్తుండగా దారిలోనే పోయాడు.

ఆయనకు తెలియదు పాపం అని రాశారు. ఆ చెయ్యి గిన్నె మీద పడేదాకా నేనూ అలాగే అనుకున్నాను. ఎప్పటి నుంచి తెలుసో నాకు తెలియదు. తెలిసీ నాకు పెట్టలేకపోయిన కాయను మీకు ఏరి ఏరి సర్ది, పువ్వు పెట్టి పంపాడు. మీ మీద కోపమా అంటే, మీ పేరు తలవకుండా ఆయనకు పొద్దు గడిచేది కాదు. నేనెంత ఆలోచించినా అది విడదీయలేకపోతున్నాను.

నిన్న పక్క తోట పుల్లయ్య మామ పలకరింపుకు వచ్చాడు. కాసేపు కళ్ళు తుడుచుకుని, గొంతు తగ్గించి, నాన్న ఏ మందు కొట్టేవాడు, ఎంత కలిపేవాడు అని అడిగాడు. చెప్పలేదు. పొద్దున్నే నేనూ శౌరమ్మగారూ కత్తి పట్టుకుని తోటకు వెళ్ళి, మొక్కలన్నీ నరికి పోగుపెట్టి వచ్చాం. సంతకు నేనే వెళ్ళి, మా కాయలు ఇళ్ళలో మిగిలుంటే పారేయమని చెబుతాను. నాన్న పేరు చెప్పే చెబుతాను.

మీరు మాత్రం ఆ డాక్టరుకు చేతులు చూపించండి. సీతారావమ్మగారి కాళ్ళకు నా బదులు దణ్ణం పెట్టండి. నిజం వీధిలో అందరికీ చెప్పండి, ఆవిడ పరువు కన్నా మా పరువు ఎక్కువ కాదు.

ఇప్పుడు అమ్మ వరండాలో వచ్చినవాళ్ళ దగ్గర కూర్చుని ఏడుస్తోంది. “మా అల్లుణ్ణి ఎంత మర్యాదగా చూసుకున్నాడమ్మా! ఒక్క పుచ్చు కాయ పంపి ఎరగడు” అని. నన్ను కూడా అడుగుతోంది, అవునా కాదా చెప్పవే అని.

అవునని తల ఊపి వచ్చి ఇది రాస్తున్నాను.

మీ
మార్త